ఊరుమ్మడి దిగులు

మాటలు కావాలంటే మాండలే పో, గొప్పలు కావాలంటే రంగూన్ పో, తిండి కావాలంటే మోల్మెయిన్ రా అని మా దేశంలో సామెత. మాది మోల్మెయిన్. ఇక్కడ మనిషి కనబడితే బాగున్నావా అని అడగరు, తిన్నావా, ఏం కూరతో తిన్నావు అని అడుగుతారు. మా తాత కోరంగి నుంచి ఓడలో వచ్చి ఈ రేవులో దిగినప్పుడు చీపురుపుల్లలా ఉండేవాడట. కొన్నాళ్ళుండి వెనక్కి పోదామని ఓడ దగ్గరికెళ్తే, చూసినవాడు ఇద్దరికి సరిపడా టిక్కెట్టు అడిగాడట. అందుకే ఇక్కడ ఉండిపోయాం. ఇందులో అబద్ధం ఉంటే అది మా తాతదే, నాది కాదు.

అలాంటి తిండిపోతుల ఊళ్ళో అన్నం ముట్టని మనిషి ఒకడు తయారయ్యాడు. ఊరికి అతనే పెద్ద గొప్ప అయిపోయాడు.

అతని పేరు టున్ షెయిన్. కథలకి మాత్రం మైన్ వే అని పెట్టుకున్నాడు. మబ్బేసి మసకబారింది అని అర్థం. ఊళ్ళో అందరూ అతన్ని సయా అనేవారు, అంటే గురువుగారని. పంతులుకైనా, జోస్యుడికైనా, కథలు రాసేవాడికైనా మా దగ్గర అదే పిలుపు. పేర్ల ముందు వచ్చే ఊ, డా, కో మన గారు లాంటివి. అతని కథలు రంగూన్ నెలపత్రికలో పడేవి. ఒకసారి ఆ పత్రిక సంపాదకుడు కథ పక్కన చిన్న మాట వేశాడు, ఈ రచయిత పంపే కాగితాల నిండా కన్నీటి మరకలుంటాయి, మా వాళ్ళు అచ్చుకి కూర్చడానికే చెయ్యాడక కూర్చుంటారు అని. అది చదివిన రోజున మా ఊరి సాహిత్య సంఘం అధ్యక్షుడు ఊ లూ ఫే టీ అంగట్లో ఉన్నవాళ్ళందరికీ టీ పోయించాడు. నా తమలపాకుల బడ్డీ ఆ అంగడి గుమ్మం పక్కనే కాబట్టి నాకూ ఒకటి దక్కింది.

ఊ లూ ఫేకి ధాన్యం మర ఉంది. పొట్ట కూడా ఉంది. ఆయన జన్మలో రాసింది మరలో రసీదుల మీద సంతకం. అయినా సాహిత్యమంటే ప్రాణం.

"పక్కన తటోన్ వాళ్ళకి ఎవడున్నాడు? నవ్వించేవాడొకడు," అన్నాడు ఆ రోజు. "నవ్వించడానికి రచయితెందుకు, సంతలో కోతినాడించేవాడు చాలడూ? ఏడిపించేవాడుండాలయ్యా ఊరికి. మైన్ వే మన ఊరి సొత్తు." అదే మాట తర్వాత మైకులో కూడా అన్నాడు.

ఏటా వానలు మొదలయ్యేసరికి మైన్ వే గోడవైపు తిరిగి పడుకునేవాడు. తినడు, ఒళ్ళు కడగడు, పిలిస్తే పలకడు. మా వానలు మామూలువి కావు, చేపలు దారి తప్పి మేడెక్కుతాయి. అంత వానలోనూ సంఘం వాళ్ళు పైఊళ్ళ నుంచి వచ్చిన రచయితల్ని గొడుగులేసి తీసుకొచ్చి ఆ కిటికీ కింద నిలబెట్టేవారు.

"అదిగో, ఆ కనబడేది సయా వీపు."

"రాస్తున్నారా?"

"లోలోపల రాస్తున్నారు. బయటికి తర్వాత వస్తుంది."

వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి నిలబడేవారు. లోపల్నుంచి అతని భార్య డా ఓన్ సెయిన్ చేపలు కడిగిన నీళ్ళు కిటికీలోంచి వాళ్ళమీద పారబోసేది. గొప్ప రచయితల పెళ్ళాలు అలాగే ఉంటారని సంఘం వాళ్ళు దాన్ని కూడా గొప్పగానే చెప్పుకునేవారు.

ఆమెది మోహింగా వ్యాపారం. జెల్లచేప, అరటి దూట, వెల్లుల్లి వేసి మరిగించిన పులుసు బియ్యపు సేమ్యా మీద పోసి ఇస్తుంది. అది కడుపులో పడకపోతే మా వీధికి తెల్లవారదు.

కిందటేడు వానల్లో ఒకనాడు మైన్ వే లేచి ఏటివైపు నడిచిపోయాడు. ఓన్ సెయిన్ వెళ్ళి తీసుకొచ్చింది. ఎక్కడిదాకా వెళ్ళాడో, ఎలా తీసుకొచ్చిందో ఎవరికీ చెప్పలేదు. మర్నాడే మోహింగా కుండ బోర్లించి, మొగుణ్ణి ఏరు దాటించి, మొత్తమాలో రైలెక్కించి రంగూన్ తీసుకుపోయింది. అక్కడి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మాత్రలిచ్చింది, రోజూ వేసుకోవాలి, బాగుందని మానకూడదు అని చెప్పింది.

మళ్ళీ వానలొచ్చాయి. వీధులు ఏరులయ్యాయి. మైన్ వే మాత్రం పడుకోలేదు.

మొదట చూసినవాడు కో ఫ్యో జా అనే కవి. ముప్పై దాటాయి, జుట్టు భుజాల మీద పడుతుంది, దువ్వడు. తనకింకా పిచ్చి రాలేదే అని వాడికి పెద్ద బెంగ. ఒకసారి ధైర్యం చేసి డాక్టరు దగ్గరికెళ్ళి నాకేమైనా ఉందా అని అడిగితే, ఉంది, మలబద్ధకం, బొప్పాయి తిను అన్నాడట. అలాంటివాడు ఆ ఉదయం తడిసి ముద్దై టీ అంగట్లోకొచ్చి, మా దగ్గర అంగడి కుర్రాణ్ణి పిలిచే పద్ధతిలో ముద్దుచప్పుడు చేసి టీ చెప్పి, తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏరా, ఏమైంది?" అన్నాడు ఊ లూ ఫే.

"సయాని చూసొచ్చాను. గుమ్మంలో కూర్చుని మోహింగా తింటున్నాడు."

"తింటే తిన్నాడు."

"రెండో గిన్నె."

అంగట్లో అందరూ టీ గ్లాసులు కింద పెట్టేశారు.

"జుట్టు కత్తిరించుకున్నాడు. నన్ను చూసి నవ్వాడు. బాగుపడిపోయాడండీ."

"అయ్యో," అన్నాడు ఊ లూ ఫే. "ఎప్పటినుంచి?"

నేను బడ్డీలోంచి తొంగిచూసి, "బాగుపడితే అయ్యో అంటారేంటండీ?" అన్నాను.

"నీకు తెలీదు తాతా, నువ్వు ఆకులకి సున్నం రాసుకో," అన్నాడు కవి.

ఆ నెల పత్రికలో మైన్ వే కొత్త కథ పడింది. ఒక అత్తగారు, ఒక జెల్లచేప. కుండలో పడబోయే ముందు చేప అత్తగారికి కోడలి మీద చాడీలు చెప్పి ప్రాణం దక్కించుకుంటుంది. నేను చదివి నవ్వలేక చచ్చాను. ఊరు మాత్రం తలదించుకుంది. పైగా తటోన్ సంఘం వాళ్ళు, మా దారికొచ్చారు, సంతోషం అని మనిషి చేత కబురు పంపారు. ఊ లూ ఫే ఆ రోజు భోజనం చేయలేదన్నారు. నేను నమ్మలేదు గానీ, ఆలస్యంగా చేసి ఉంటాడు.

ఆయన కంగారుకి కారణముంది. నదో నెలలో, అంటే మన మార్గశిరంలో, రచయితల్ని గౌరవించడం మా ఆచారం. వీధి మధ్యలో వేదిక కట్టి, చాపలు పరిచి, రచయితల చేత మాట్లాడిస్తారు. జనం పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ వింటారు. ఆ సభకి ఊ లూ ఫే ముందే గోడకాగితాలు అచ్చేయించాడు. 'కన్నీటి రచయిత మైన్ వే' అని, పక్కన అతని వీపు బొమ్మ. పక్క ఊళ్ళన్నిటిలో అంటించేశారు.

"ఇప్పుడు వేదికెక్కి జెల్లచేప కథ చెప్తాడు," అన్నాడు ఊ లూ ఫే. "నా పరువు పులుసులో పడుద్ది. నదో నెలకి ఇంకా టైముంది. ఏదో ఒకటి చెయ్యాలి."

మా వాళ్ళకి ఏదో ఒకటి చెయ్యాలంటే మొదట తట్టేది జోస్యుడే. ఆయనా, కవీ ఇద్దరూ సయా ఫూ దగ్గరికి వెళ్ళారు. గ్రహం బాగోలేకపోతే యదయా అని శాంతి చేయించుకోవడం మాకు అలవాటు. ఆ ముసలాయన నా దగ్గర ఆకు వేసుకుంటూ జరిగిందంతా చెప్పాడు.

"ఏం కష్టం పోవాలి నాయనా?" అన్నాడట ఆయన.

"పోవడం కాదండి, రావాలి."

"మీకా?"

"మాకెందుకండీ. మైన్ వేకి. పాత దిగులే, కొత్తది అక్కర్లేదు."

సయా ఫూ నమిలే ఆకు ఆపేశాడు. గడ్డం నల్లగా ఉన్నప్పటినుంచి ఆ పనిలో ఉన్నాడు, కష్టం తెప్పించమని అడిగినవాడు అంతవరకు లేడు. "ఏ వారం పుట్టాడు?"

"బుధవారం మధ్యాహ్నం."

"అంటే ఆ పూటకి జంతువు దంతాల్లేని ఏనుగు. బరువైన జాతకం. ఏనుగుని కూర్చోబెట్టాలంటే ఉత్తినే కూర్చుంటుందా? దిగులు గాల్లోంచి ఊడిపడదు. అడిగినవాళ్ళు ముందు పోగుచెయ్యాలి, నేను అటు మళ్ళిస్తాను. మీరిద్దరూ తిండి మాని, ఎవరింట్లో వాళ్ళు గోడవైపు తిరిగి పడుకోండి. ఎవరన్నా పలకరిస్తే పలక్కండి. దిగులు పుట్టాక కబురంపండి."

ఫ్యో జా సంబరంగా పడుకున్నాడు. పడుకోగానే నిద్రపట్టింది, లేచేసరికి మనసు తేలిగ్గా ఉందట. ఊ లూ ఫే మధ్యాహ్నం దాకా గోడనే చూశాడు. ఆ తర్వాత దోమతెరలో చేరి డూరియన్ పండు చీల్చుకున్నాడు. ఆ వాసనకి ఏరు అవతల మొత్తమాలో కుక్కలు మొరిగాయి. పట్టుబడక ఏమవుతాడు? "దిగులొచ్చిందేమోనని చూసుకుంటున్నాను, అది కడుపులోనే కదా ఉండేది," అన్నాడు భార్యతో.

శాంతి పారలేదు. దాంతో కవి తిన్నగా మైన్ వే దగ్గరికే వెళ్ళాడు. ఓన్ సెయిన్ చేపల రేవుకి వెళ్ళిన సమయం చూసుకుని వెళ్ళాడు.

"సయా, ఈ మధ్య రాసినవాటిలో మీకు నచ్చిందేది?" అన్నాడు.

మైన్ వే ఆలోచించాడు. "చేప కథ నవ్వొచ్చేలా ఉందిగా."

"నవ్వొచ్చింది సయా. నవ్వి మడిచి పక్కన పెట్టాం. పాత కథలు మడవలేదు. మా అమ్మ మీ పాత కథ చదివి అన్నం మానేసింది."

"మీ అమ్మ మోల్మెయిన్ మనిషేగా?"

"అందుకే చెప్తున్నాను." కవి గొంతు తగ్గించాడు. "ఆ మాత్రలు కలాన్ని ఎండగట్టేస్తాయి సయా. మనిషికి నిద్ర పడుతుంది, కథక్కూడా నిద్ర పడుతుంది. మీరు మామూలు మనిషైపోతే మామూలువాళ్ళం మేమున్నాంగా, మళ్ళీ మీరెందుకు?"

ఆ చివరి మాట గురి తప్పలేదు. మైన్ వేకి లోపల ఆ భయం ముందే ఉంది. బాగుపడ్డాక చేప కథ తప్ప ఏదీ పూర్తి కాలేదు. నలుగురూ తన దిగులు గురించి చెప్పుకుంటుంటే విని విని, తన దగ్గరున్న ఆస్తి అదొక్కటే అనుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి మాత్ర బుగ్గన పెట్టుకుని, పెళ్ళాం అటు తిరగగానే కిటికీలోంచి ఉమ్మేసేవాడు.

ఆ కిటికీ కింద వాళ్ళ కోడిపుంజు తిరుగుతుంది. అది మా వీధి రౌడీ. కుక్కలు దాన్ని చూసి దారి మార్చుకునేవి, ఒకసారి బౌద్ధ భిక్షువు గొడుగునే తన్నింది. అలాంటిది కొన్నాళ్ళకి మెత్తబడింది. పిల్లి ఎదురొస్తే జరిగి చోటిచ్చింది. తెల్లవారుజామున గొంతు సవరించుకుని, ఎందుకులే అన్నట్టు ఊరుకునేది. ఆ వీధిలో అందరూ పనికి ఆలస్యంగా వెళ్ళడం మొదలుపెట్టారు. పుంజుకి ఏ జబ్బో అని ఓన్ సెయిన్ దాని వెనకాలే తిరిగింది. అది కిటికీ కిందికొచ్చి మెడ పైకెత్తి, నోరు తెరుచుకుని నిలబడింది. కాసేపటికి పైనుంచి మాత్ర పడింది.

ఆమె లోపలికెళ్ళింది. అప్పటికే మైన్ వేకి నిద్ర పట్టక చాలా రోజులైంది. కళ్ళు గుంటలు పడ్డాయి.

"ఎందుకిలా చేశావయ్యా?"

"భయమేసింది ఓన్ సెయిన్. నవ్వొస్తోంది గానీ కథ రావట్లేదు."

"రాకపోతే?"

"రాకపోతే నేనెవణ్ణి?"

మాత్ర చేతిలో పెడితే గోడవైపు తిరిగాడు. బతిమాలింది, తిట్టింది, పులుసులో కలిపి చూసింది. గిన్నె ముట్టలేదు. వారం తిరిగేసరికి మాట కూడా ఆగిపోయింది. కిటికీ కింద మళ్ళీ గొడుగులు కనబడ్డాయి.

ఆ ఉదయం ఓన్ సెయిన్ మోహింగా కుండ దించలేదు. పక్కన సీటు కట్టిన సైకిల్‌బండి పిలిపించి, మొగుణ్ణి ఎక్కించి, చాప, దిండు ఒళ్ళో పెట్టి, తను వెనకాల నడుచుకుంటూ బజారు మీదుగా ఊ లూ ఫే ఇంటికి తీసుకెళ్ళింది. ఊరు ఊరంతా పళ్ళుతోముకునే పుల్లలతో సహా వెంటపడింది.

"ఇదేంటి చెల్లెమ్మా?" అన్నాడు ఊ లూ ఫే గుమ్మంలో.

"మీ ఊరి సొత్తు అన్నగారూ. మైకులో చెప్పారుగా. ఉంచుకోండి."

"ఎంతకాలం?"

"దిగులున్నంతకాలం. నేనూ ఇక్కడే ఉంటాను, ఆ మూల కూర్చుంటాను. ఒక్క పని ముట్టుకోను. ఒళ్ళు కడగాలి, తినిపించాలి, బయటికి తీసుకెళ్ళాలి. ఇన్నేళ్ళు నేనొక్కదాన్నే దాచుకున్నాను ఈ భాగ్యమంతా. మీకు మిగల్చకపోవడం తప్పేగా."

జనం ముందు కాదనలేక ముందుగది ఖాళీ చేయించాడు. మొదటి రోజు ఆయన గొప్పకి హద్దు లేదు. ఫొటో తీసేవాణ్ణి పిలిపించాడు.

"ఇటు తిరగమనండి సార్," అన్నాడు వాడు.

"తిరిగితే అందులో దిగులేముంది? వీపే తియ్యి."

ఫ్యో జా కాగితాలు, కలం పట్టుకుని పక్కనే చాప వేశాడు, ఏ క్షణాన ఏ వాక్యం రాలుతుందో అందుకుందామని. మనిషి మూలిగినా రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. మైన్ వే మూలగలేదు.

తర్వాత గొప్ప తగ్గి పని మొదలైంది. తలంటడానికి ఊ లూ ఫే పట్టుకుంటే మనిషి తడిసిన మూటలా జారిపోయాడు. నీళ్ళు ఆయన మీదే పడ్డాయి. తినిపించడానికి కూర్చుంటే నోరు తెరవడు. కొబ్బరిపాల నూడిల్స్ తెచ్చాడు, రొయ్యలు వేయించి తెచ్చాడు, నువ్వులు చల్లిన జిగురన్నం తెచ్చాడు. మోల్మెయిన్‌లో పుట్టి పెరిగినవాడు ఎదుటి మనిషి పళ్ళెంలో రొయ్యలు చల్లారిపోవడం అప్పటిదాకా చూసి ఉండడు. ఆయనకి తన కంచం దగ్గర కూడా ముద్ద దిగలేదు.

"అలా చూస్తూ కూర్చుంటావేంటమ్మా, కాస్త చెప్పొచ్చుగా," అన్నాడు ఓన్ సెయిన్‌తో.

"ఏం చెప్పనండీ? మీరు కిటికీ కింద నిలబడి చూసేవారు, నేను లోపల కూర్చుని చూస్తున్నాను."

ఆయన భార్య డా చీ వంటింట్లోంచి కేకేసింది. "ముందుగదిలో శవాన్ని పెట్టుకున్నట్టుంది. నీ సాహిత్యం మరలో పెట్టుకోరాదూ?"

ఆ తర్వాతి సంగతి ఊ లూ ఫేనే నాకు చెప్పాడు, కట్టిన ఆకు చేతిలోనే పట్టుకుని, నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి. ఒక తెల్లవారుజామున మెలకువొచ్చి చూస్తే చాప ఖాళీ. మూల ఓన్ సెయిన్ లేదు. లుంగీ ఎగ్గట్టి రేవుకి పరిగెత్తాడు. రేవు మెట్ల మీద, చివరి మెట్టు దాటి, మైన్ వే మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. ఏడవట్లేదు. ఏటిని కూడా చూడట్లేదు. ఓన్ సెయిన్ అతని వెనకాలే నీళ్ళలో నిలబడి చొక్కా అంచు రెండు పిడికిళ్ళతో పట్టుకుని ఉంది. ఆ పట్టు చూస్తే అది కొత్తగా నేర్చుకున్న పని కాదని తెలుస్తోంది.

"ఇది ఎప్పుడైనా మీ పత్రికలో పడిందా అన్నగారూ?" అందట వెనక్కి తిరక్కుండానే. "పడదు. ఆయనకి ఇది గుర్తుండదు. నాకే గుర్తుంటుంది."

ఊ లూ ఫే నీళ్ళలోకి దిగి రెండోపక్క పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి ఇంటికొచ్చిందాకా వదల్లేదు.

ఇంటికొచ్చాక తనే మాత్ర, నీళ్ళు తెచ్చి మైన్ వే ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంత పొట్టతో అలా కూర్చోవడం చిన్న పని కాదు.

"వేసుకో నాయనా. నీ దిగులు మాకొద్దు. నీ కథలూ మాకొద్దు."

మైన్ వే చాలా రోజుల తర్వాత నోరు తెరిచాడు. "కథలు పోతాయి."

ఓన్ సెయిన్ మూల నుంచి లేచింది. "ఏమయ్యా ఫ్యో జా, ఇన్నాళ్ళుగా పక్కన కూర్చున్నావుగా. ఏం రాశాడు మీ సయా?"

కవి కాగితాలు చూపించాడు. "ఒక్క గీత లేదు," అన్నాడు. వాడు జన్మలో ఏ అలంకారమూ లేకుండా చెప్పిన మాట అదొక్కటే.

"ఎప్పుడూ ఇంతే," అంది ఆమె మొగుడితో. "పడుకున్నన్నాళ్ళు నువ్వు అక్షరం రాయలేదు. లేచాక, ఒంట్లో కాస్త ముద్ద పడ్డాక, నా పక్కన పీట వేసుకుని అరటి దూట కోస్తూ రాసేవాడివి. అది తరుగు, ఇది రాయి. కాగితాల నిండా దూట నీళ్ళు."

మైన్ వే ఆమె వైపు తిరిగాడు. "కన్నీటి మరకలన్నాడుగా సంపాదకుడు."

"ఒకసారి కాగితాలు ఇవ్వడానికి నేను వెళ్తే, ఈ మరకలేంటమ్మా అని ఆయన అడిగాడు. అరటి దూట జిగురని చెప్తే కాగితాలు మొహాన కొడతాడని, ఏడుస్తూ రాశారండీ అన్నాను. నువ్వూ నమ్ముతావని నాకేం తెలుసు?"

మైన్ వే ఆమె మొహమే చూశాడు. "నిజంగా నాకు గుర్తులేదు," అన్నాడు.

"నీకు గుర్తులేనిదే నిజం. వాళ్ళు చెప్పింది గుర్తుపెట్టుకున్నావు."

మాత్ర తీసుకున్నాడు. మింగాక ఆమె అతని నోరు తెరిపించి, బుగ్గల్లో వేలు పెట్టి వెతికింది. ఊ లూ ఫే కూడా వంగి చూశాడు.

మాత్ర వేసుకోగానే లేచి కూర్చోవడానికి అదేం మంత్రం కాదు. వానలు తగ్గేదాకా పట్టింది. ముందు నిద్ర వచ్చింది, తర్వాత ఆకలి. నదో నెలకి మనిషి మళ్ళీ మోహింగా గిన్నె అందుకున్నాడు.

సభకి జనం పోటెత్తారు. గోడకాగితాల మహిమ. తటోన్ నుంచి రెండు బస్సులు వచ్చాయి. ఆడవాళ్ళు చేతిరుమాళ్ళు, నంజుకునే ఊరబెట్టిన టీ ఆకు, గింజల పొట్లాలతో ముందు చాపలు పట్టుకున్నారు. ఊ లూ ఫే మైకు ముందుకొచ్చి, "మన ఊరి..." అని, సొత్తు అనే మాట నోటిదాకా వచ్చి, మింగేసి, "మన ఓన్ సెయిన్ గారి భర్త," అన్నాడు.

మైన్ వే లేచి అరటి దూట సంగతి చెప్పాడు. మరకల సంగతి చెప్పాడు. మంచం మీద ఉన్నన్నాళ్ళు తను ఒక్క ముక్క రాయలేదని, ఏ మహా భావమూ రాలేదని, కాలిగోళ్ళు పెరిగాయని చెప్పాడు. మాట్లాడుతూ మధ్యలో జేబులోంచి మాత్ర తీసి, వేదిక మీది గ్లాసుతో మింగి, మళ్ళీ అందుకున్నాడు. వెనక చాపల మీద కొందరు నవ్వారు. మధ్య చాపల్లో ఒకాయన లేచి నిలబడ్డాడు.

"ఇదేం అన్యాయం సయా? అంత దూరం నుంచి బస్సెక్కి వచ్చాం. ఏడవడానికి వచ్చాం."

"ఏడవడానికి నా దగ్గరికెందుకండీ," అన్నాడు మైన్ వే. "మీ ఇంట్లో ఎవరూ గోడవైపు తిరిగి పడుకోలేదా?"

ఆయన గింజల పొట్లం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత చేప కథ చెప్తే జనం నవ్వారు గానీ, మునుపటిలా లేదని పోయేటప్పుడు చాలామంది అన్నారు. నిజమే, మునుపటిలా లేదు. రంగూన్ పత్రిక కూడా ఆ తర్వాత అతని కథలు రెండు తిప్పి పంపింది. అతను వాటిని ఇంకో పత్రికకి పంపాడు. ఫ్యో జా జుట్టు దువ్వుకుని ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. దిగులు రచయిత పోస్టు ఊళ్ళో ఖాళీగానే ఉంది.

సభ ముగిశాక చాపలు చుట్టేచోట ఓన్ సెయిన్ గిన్నెలు సర్దుకుంటోంది. ఏడవడానికి వచ్చినాయన ముందుకొచ్చాడు. ఒక గిన్నె మోహింగా కావాలన్నాడు. అయిపోయిందని చెప్పినా కదల్లేదు.

"ఆ రంగూన్ డాక్టరమ్మ ఏ రోజుల్లో కూర్చుంటుందమ్మా?" అన్నాడు నెమ్మదిగా. "మా మేనల్లుడి కోసం."

ఆమె చెప్పింది. ఆయన వెనక ఒకామె నిలబడి ఉంది, వాళ్ళ పక్కింటావిడ కోసమట. ఆవిడ వెనక మా బడిపంతులు, ఎవరో పాత శిష్యుడి కోసం. అయిపోయిన మోహింగా కోసం అంత మంది వరస కట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. ఓన్ సెయిన్ అందరికీ ఒకే మాట చెప్తోంది, ఏరు దాటి మొత్తమాలో పొద్దుటి రైలెక్కండి, మాత్రలు మాత్రం మానకండి అని.

వరస చివర ఊ లూ ఫే ఉన్నాడు. మనుషులంతా వెళ్ళిపోయేదాకా ఆగాడు.

"చెల్లెమ్మా, ఆ డాక్టరమ్మ గురించి," అన్నాడు. "మా బావమరిది కోసం."

ఊ లూ ఫేకి బావమరిది లేడు. ఆయన భార్య డా చీ వాళ్ళింట్లో ఒక్కగానొక్క సంతానమని ఊరందరికీ తెలుసు.

"పొద్దుటి రైలే మంచిదన్నగారూ," అంది ఓన్ సెయిన్. "నేనూ ఆ రైల్లోనే వెళ్తున్నాను, ఈయన మందులు తేవాలి. మీ బావమరిదికి కిటికీ పక్కన చోటు పట్టి ఉంచుతాను. ఏమన్నా తినొచ్చా అతను, కట్టివ్వమంటారా?"

"తింటాడు," అన్నాడు ఊ లూ ఫే. "ఈమధ్య కాస్త తక్కువ తింటున్నాడు."